పళ్ళెం దారి

మేనేజరు పిలిచి కుర్చీ చూపించినప్పుడే ఇందులో ఏదో తిరకాసు ఉందని పిల్లక్కకి తోచింది. ఆ గదిలో కుర్చీలు తుడవడమే గాని వాటిలో కూర్చోవడం ఆమె ఎరగదు. ఇత్తడి పాలిష్ గుడ్డని ఏప్రాన్ జేబులో కుక్కుకుని, అంచు మీద ఆనీ ఆననట్టు కూర్చుంది.

"నువ్వు నడిస్తే చప్పుడు రాదంటారు. నిజమేనా?" అన్నాడాయన.

"ఏమోనండీ. నాకైతే ఎప్పుడూ వినపడలేదు."

మేనేజరు నవ్వాడు. ఆమె నవ్వించడానికి అన్న మాట కాదది.

ఆ పాత బంగళాలో పనిచేసేవాళ్ళంతా మొదట్లో ఆమెని పిల్లి అక్క అనేవాళ్ళు. నోళ్ళలో నలిగి నలిగి అది పిల్లక్క అయి కూర్చుంది. టికెట్లమ్మే అమ్మాయి ఫోనులో తల దూర్చి ఉండగా వెనకనుంచి వెళ్ళి "కాస్త కాలెత్తమ్మా" అంటే, ఆ పిల్ల గుండె జారిపోయి "వచ్చేముందు దగ్గొచ్చుగా పిల్లక్కా, చంపేస్తున్నావ్!" అని కసురుకునేది. అప్పట్నించి పిల్లక్క దగ్గడం అలవాటు చేసుకుంది. ఆ దగ్గు కూడా ఎవరికీ వినపడేది కాదు.

ఎప్పుడో ఓడల వ్యాపారం చేసినాయన కట్టించుకున్న ఇల్లు అది. ఇప్పుడు జనం టికెట్టు కొనుక్కుని చూసిపోతుంటారు. వచ్చేవాళ్ళలో సగంమంది పాలరాతి మెట్ల కోసం, అద్దాల దీపాల కోసం వస్తే, తక్కిన సగం దయ్యం కోసం వస్తారు. పొద్దుగూకి భోజనాలకి కూర్చునే వేళకి భోజనాల గది గోడలో ఎవరో తట్టినట్టు చప్పుడవుతుందని ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. నేను విన్నాను అన్నవాడు మాత్రం ఇంతవరకూ ఎదురుపడలేదు. ఎవరినడిగినా విన్నది వాళ్ళ పెదనాన్నో, పెదనాన్న స్నేహితుడో.

"శనివారం సాయంత్రం దయ్యాలని వెతికేవాళ్ళు వస్తున్నారు," అన్నాడు మేనేజరు. "మన దగ్గర ఇదే మొదటిసారి. యంత్రాలు గట్రా వాళ్ళే తెచ్చుకుంటారు. వాళ్ళతోపాటు సరదాకి టికెట్టు కొన్నవాళ్ళు కొంతమంది. దయ్యం పలికిందా, వారం వారం వస్తారు. పలకలేదా, పైవాళ్ళు ఈ ఇంటికి తాళం వేసేస్తారు. అదీ సంగతి."

"పలుకుతుందాండీ?" అంది పిల్లక్క భయంగా.

"పలికించాలి. అందుకే నిన్ను పిలిచాను."

ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పాలిష్ గుడ్డ జేబులోంచి తీసి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ జేబులోనే పెట్టుకుంది.

భోజనాల గది గోడ నిజానికి రెండు గోడలు. నడుమ ఒక మనిషి పట్టేంత సన్నటి దారి ఉంది. వంటింటినుంచి పళ్ళేలు మోసుకొచ్చే పనివాళ్ళు వరండాల్లో, హాల్లో యజమానుల కంటపడకుండా రావాలని గోడలోపలే కట్టించిన దారి. పళ్ళెం దారి అనేవారు దాన్ని. తాళం మేనేజరు దగ్గరుంటుంది. పిల్లక్క వచ్చినప్పట్నించీ ఎవరూ తెరవలేదు.

"నువ్వు వంటింటివైపునుంచి దూరి లోపల నిలబడతావు. వాళ్ళు అడుగుతారు, నువ్వు తడతావు. అంతే. ఇది సవ్యంగా నడిచిందా, నిన్ను పర్మనెంటు చేయించే పూచీ నాది. నెలాఖరుకి నీ కాంట్రాక్టు అయిపోతుందిగా? నేల తుడిచే మిషన్ ఒకటి చూశారు కూడాను. అది వచ్చిందంటే ఇక నేను చెయ్యగలిగింది ఉండదు." ఆయన కాస్త ముందుకి వంగి, మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మెత్తగా అన్నాడు: "దొరికిపోతే మాత్రం నువ్వెవరో మాకు తెలీదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా."

తట్టే పద్ధతి గైడు బాబాయి నేర్పాడు. పెట్టుడు పళ్ళు, చేతిలో పొన్నుకర్ర, ఏ మాట ఎక్కడ సాగదియ్యాలో తెలిసిన గొంతు. ఆయన లేకపోతే ఆ దయ్యానికి అంత పేరు వచ్చేది కాదు.

"ఒకటంటే ఔను. రెండంటే కాదు. బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదమ్మాయ్, ఏది అడిగినా ఒక్కటే కొట్టెయ్. దయ్యాలు ఎదురుచెప్పవు."

"ఏమేం అడుగుతారు బాబాయ్?"

"ఉన్నావా అంటారు. ఈ ఇంట్లోనే పోయావా అంటారు. ఆఖరికి చెంచా సంగతి అడుగుతారు. అప్పుడు మాత్రం కొంచెం ఆగి కొట్టు. అది ఒప్పుకుంటేనే కథకి అందం. ఇన్నాళ్ళకి దయ్యం నోరు విప్పి నేరం ఒప్పుకుందని పేపర్లో పడుతుంది చూడు."

ఆ కథ పిల్లక్కకి కొత్త కాదు. పళ్ళెం మోసే పిల్ల మీద వెండి చెంచా తీసిందని నింద పడింది. ఒప్పుకునేదాకా బయటికి రానివ్వద్దని యజమానురాలు ఆ దారికి రెండు వైపులా బయటినుంచి గొళ్ళెం పెట్టించింది. పిల్ల ఒప్పుకోలేదు. తలుపు తీసేసరికి ప్రాణం లేదు. "పోనీ పెద్ద గరిటె అయినా కాదండోయ్, టీ చెంచా!" అనేవాడు గైడు బాబాయి. అక్కడ జనం నవ్వేవారు. ఆ నవ్వు వచ్చే సమయానికి పిల్లక్క సాధారణంగా బల్ల కాళ్ళు తుడుస్తూ కిందే ఉండేది. పైనుంచి నవ్వులు, తన చుట్టూ బూట్లు.

*

"మా అమ్మ దయ్యమా!" అని కూతురు పడీపడీ నవ్వింది. "వంటింట్లోంచి అన్నానికి పిలిస్తేనే మాకు వినపడదు. నువ్వు దయ్యానివైతే పాపం వాళ్ళ టికెట్లు వృథా."

"నవ్వకే," అన్నాడు పిల్లక్క భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. గోళ్ళలో గ్రీజు పోగొట్టుకోవడానికి సబ్బూ ఉప్పూ కలిపి చేతులు రుద్దుకుంటున్నాడు. "మీ అమ్మ ఇన్నాళ్ళకి మా కులంలో చేరుతోంది. నేను లిఫ్టు గోతిలో వేలాడుతుంటే పైన ఒకటే బటన్లు నొక్కుడు, ఒకటే తిట్లు. ఈ దరిద్రపు లిఫ్టు అంటారు. లోపల ఒక మనిషున్నాడని వాళ్ళకి తోచనే తోచదు."

"మీరు అరవచ్చుగా?" అంది పిల్లక్క.

"అరుస్తాను. లిఫ్టు కిర్రుమంటోంది అనుకుంటారు."

పిల్లక్క నవ్వింది గాని మనసు నవ్వులో లేదు. "మోసమే కదండీ అది," అంది.

"నాటకం. డబ్బిచ్చి భయపడటానికి వస్తున్నారు, నువ్వు భయపెడతావు. ఎవరి కొంపా ముంచడం లేదుగా."

అంతేనేమో అనుకుంది. పర్మనెంటు వాళ్ళ మెడలో ఫొటో ఉన్న కార్డు వేలాడుతుంటుంది. సాయంత్రం గేటు దగ్గర ఆ కార్డున్న వాళ్ళని వాచ్‌మన్ సలాం కొట్టి పంపేస్తాడు. కాంట్రాక్టు వాళ్ళు మాత్రం సంచీ విప్పి చూపించాలి. టిఫిను డబ్బా మూత తీసి చూపించాలి. వాచ్‌మన్ చెడ్డవాడు కాదు; చూస్తూనే "ఇవాళ ఏం కూరక్కా?" అని అడుగుతాడు. ఆమె కూడా నవ్వుతూనే చెబుతుంది. మూత తీసే ఆ క్షణం మాత్రం ఆమెకి రోజూ ఒకేలాగ ఉండేది. డబ్బాలో ఏమీ ఉండదని తనకి తెలుసు. అయినా మూత లేస్తుంటే, ఏమో, ఉంటుందేమో అని వాచ్‌మన్ కంటే ముందు తనే లోపలికి తొంగి చూసేది. ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి. భర్తకి కూడా చెప్పలేదు. చెబితే, ఏమీ తియ్యనిదానివి నీకెందుకు భయం అంటాడు. అదే ఆమెకీ తెలియాల్సిన సంగతి.

*

శుక్రవారం సందర్శకులు వెళ్ళిపోయాక మేనేజరు వంటింటివైపు తలుపు తెరిపించాడు. గిన్నెల బీరువా పక్కన, అదీ ఓ బీరువా తలుపే అనుకునేలా ఉంటుంది. నూనె పోస్తే గాని తాళం తిరగలేదు.

"పద. అవతలి కొసకి వెళ్ళి ఓసారి తట్టి చూపించు. నేను గదిలో ఉంటాను."

లోపల వేసంగిలో కూడా చల్లగా ఉంది. వాసన మట్టిది కాదు, మూసిపెట్టిన పెట్టెది. ఎక్కడో పైన, చెయ్యి దూరేంత సందులోంచి ఆఖరి వెలుతురు పడుతోంది. పిల్లక్క టార్చి వెయ్యలేదు. రెండడుగులు వేసేసరికి కాలికి నేల తేడాగా తగిలింది. రాతిపలకలు నడుమ పల్లంగా, రోలు అడుగులా నున్నగా అరిగి ఉన్నాయి. నడిచేవాళ్ళందరూ ఒకే చోట అడుగు వేస్తే గాని రాయి అలా అరగదు.

గోడని తడిమింది. సున్నం గరుగ్గా ఉంది, కానీ మోచేతి ఎత్తున ఒక చార మాత్రం అద్దంలా ఉంది. ఆ పక్క గోడకీ అంతే. వృత్తిరీత్యా ఆమెకి మొదట వచ్చిన ఆలోచన, ఇంత పాలిష్ దేనితో పెట్టారు అని. ఏ గుడ్డా ఈ నునుపు ఇవ్వదు. వేళ్ళతో ఆ చార వెంట పోయింది. అది గోడ పొడవునా ఉంది, మలుపు తిరిగిన చోట ఇంకా లోతుగా ఉంది.

ఎందుకో రెండు చేతులూ ముందుకి చాచి పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకుంది. మోచేతులు రెండూ వెళ్ళి ఆ చారల్లో కూర్చున్నాయి.

ఆమె ఒళ్ళు జలదరించింది. భయం కాదది. భయమైతే కాళ్ళు వెనక్కి లాగేవి. ఇది అలా కాదు. ఎవరో తన కొలతలు ముందే తీసుకుని, ఎన్నో ఏళ్ళ కిందటే, ఇక్కడ తన కోసం చోటు ఉంచినట్టు. ఎన్ని మోచేతులు రాసుకుంటే గోడ ఇలా అవుతుంది? ఎంత వేడి పాత్రలు, ఎంత జాగ్రత్త, ఒలకకూడదని ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టడం? అందరూ కలిసి పెట్టిన పాలిష్ కాదిది. ఒకరి తర్వాత ఒకరు, ఒకరినొకరు చూడకుండా చేసింది. ఆ చేతులన్నీ ఇప్పుడు తన చేతుల కిందుగా ఉన్నాయి. పళ్ళెం లేకపోయినా చేతులు దించబుద్ధి కాలేదు. అలాగే నడిచింది.

దారి చివర చెక్కతలుపు. భోజనాల గదివైపునుంచి అది తలుపులా కనపడదు. రెల్లుపొదలూ కొంగలూ చిత్రించిన గోడ పలకల్లో అదొక పలక, అంతే. ఆ కొంగల్ని పిల్లక్క రోజూ మెత్తటి బ్రష్షుతో దులుపుతుంది. ఇటువైపు కంటి ఎత్తున చిన్న రంధ్రం ఉంది. కన్ను ఆనించింది. గది మొత్తం కనపడింది. కాసేపటికి గాని తెలియలేదు, తను చూస్తున్నది ఆ పెద్దకొంగ కంట్లోంచి అని. దాన్ని నల్లరంగు చుక్క అనుకుని ఎన్నిసార్లు తుడిచిందో. యజమానుల పళ్ళేలు ఎప్పుడు ఖాళీ అవుతాయా అని చూసుకునే కన్ను కాబోలు అది.

గదిలో మేనేజరు ఒక్కడే ఉన్నాడు. ఆయన అద్దం ముందు నిలబడి, "అందరికీ స్వాగతం" అని చిన్నగా అనుకుని, బాగాలేదని తల అడ్డంగా ఊపి, మళ్ళీ అన్నాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయన భయపడుతున్నాడని పిల్లక్క మొదటిసారి చూసింది. చూడకూడనిది చూసినట్టు కన్ను పక్కకి తీసేసింది. కానీ చెవుల్ని ఏం చేస్తుంది? ఆయన ఊపిరి తీస్తున్న చప్పుడు పక్కన నిలబడ్డట్టే వినపడుతోంది.

"వచ్చావా?" అని మేనేజరు గట్టిగా అరిచాడు.

"వచ్చానండీ," అంది.

"పిల్లక్కా! ఉన్నావా లేదా?"

వాళ్ళ మాట ఇటు వస్తుంది. ఇటు మాట అటు పోదు. గోడ అలా కట్టించారు. ఆమె వేలి కణుపుతో చెక్కమీద ఒక్కసారి తట్టింది. మేనేజరు ఎగిరిపడ్డాడు. తనే చూపించమన్న తట్టుకే ఎగిరిపడ్డాడు.

*

శనివారం ఇంకా వెలుగుండగానే వచ్చారు వాళ్ళు. వాళ్ళ నాయకుడికి మంచి గడ్డం ఉంది. మామూలు రోజుల్లో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడట. బల్లమీద ముల్లు కదిలే పెట్టె ఒకటి, ఎర్రలైటు వెలిగే రికార్డరు ఒకటి పెట్టాడు. టికెట్టు కొన్నవాళ్ళు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒక భారీ మనిషీ ఆయన భార్యా, నలుగురు స్నేహితురాళ్ళు, చివర్లో ఒంటరిగా, కళ్ళజోడు పెట్టుకుని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ.

"ఇలాంటిదానికి రావడం మీలో ఎవరికైనా మొదటిసారా?" అన్నాడు గడ్డమాయన.

"నాకేనండీ," అంది పెద్దావిడ. "టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. టికెట్టు మా మేనల్లుడిది. వాడికి జలుబు చేసి నన్ను పంపాడు."

"భయపడరు కదా?"

"ఉద్యోగమంతా కనపడనివాళ్ళతో మాట్లాడటమే చేశాను నాయనా. కనపడేవాళ్ళతోనే నాకు కాస్త కష్టం."

అందరూ నవ్వారు. గోడలో పిల్లక్క కూడా నవ్వింది. తన నవ్వు ఎవరికీ వినపడదన్న సంగతి మరిచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పొద్దుగూకింది. బల్లమీది ఒక్క దీపం తప్ప అన్నీ ఆర్పేశారు. గైడు బాబాయి కర్ర నేలకి ఆనించి కథ చెప్పాడు. టీ చెంచా దగ్గర నవ్వు వచ్చింది గాని పల్చగా వచ్చి తొందరగా పోయింది. మేనేజరు గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గడ్డమాయన గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒక్కసారి తట్టండి."

పిల్లక్క తట్టింది.

ఆ చప్పుడు అంత పెద్దగా ఉంటుందని ఆమె అనుకోలేదు. కొంగ కంట్లోంచి చూస్తుంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరి తలలూ ఒక్కసారి తనవైపు తిరిగాయి. భారీ మనిషి భార్య చేతిని వెతికి పట్టుకున్నాడు. ఒక స్నేహితురాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ కదలడం లేదు. వాళ్ళ ముఖాలు చంటిపిల్లల ముఖాల్లా అయిపోయాయి. ఒక్క వేలి కణుపుకి ఇంతమంది మనుషులు ఇలా అయిపోతారా అని ఆమె కన్ను రంధ్రానికి ఇంకా దగ్గరగా ఆనించింది. తన చప్పుడుకి ఎవరైనా తల తిప్పడం ఆమె జీవితంలో అదే మొదలు.

"ఈ ఇంట్లో పనిచేసేదానివా?"

ఒకటి.

"ఈ ఇంట్లోనే పోయావా?"

ఒకటి. ఆ ఔను తనది కాదు. కానీ ఎవరిదీ కాదని కూడా అనిపించలేదు.

గడ్డమాయన పెట్టెమీది ముల్లుకేసి చూశాడు. గైడు బాబాయి కర్ర మార్చి పట్టుకున్నాడు. ఆ ప్రశ్న వస్తోందని ఆ కదలికలోనే పిల్లక్కకి తెలిసింది.

"వెండి చెంచా తీసింది నువ్వేనా?"

కొంచెం ఆగి ఒక్కటి కొట్టాలి. ఆగింది. వేలు చెక్కమీదకి వెళ్ళింది. టిఫిను డబ్బా మూత లేస్తున్నప్పుడు కలిగే ఆ భయం ఇప్పుడు ఆ ప్రశ్నతోపాటు లోపలికి దిగింది. ఆ తర్వాత చప్పుడు వినపడింది. రెండు సార్లు.

కొట్టింది తనేనా అని పిల్లక్క చీకట్లో తన చేతినే చూసుకుంది.

గదిలో కలకలం. "రెండు! కాదంటోంది!" అంది ఒక స్నేహితురాలు.

గైడు బాబాయి తడబడ్డాడు. కానీ ఎన్నేళ్ళ అనుభవం అది. "చూశారా!" అన్నాడు కర్ర ఊపుతూ. "పోయి ఇన్నాళ్ళయినా ఇంకా బుకాయిస్తూనే ఉంది!"

ఫక్కున నవ్వారందరూ. బిగబట్టుకున్న భయమంతా ఆ నవ్వులో దిగిపోయింది. గడ్డమాయన కూడా నవ్వి, గోడవైపు తిరిగి, చిన్నపిల్లని బుజ్జగించినట్టు అన్నాడు: "భయం లేదు. నిజం చెప్పెయ్. చెబితే నీకే శాంతి. చెంచా నువ్వే తీశావు కదూ?"

మేనేజరు దగ్గాడు. అది తనకేనని పిల్లక్కకి తెలుసు. ఒక్క దెబ్బ. సోమవారం మెడలో కార్డు. ఆ పిల్ల చెంచా తీసిందో లేదో తనకేం తెలుసు? నిజంగానే తీసిందేమో. తనకి తెలిసిందల్లా ఒకటే, వాళ్ళు అడుగుతున్నది అడగడం కాదు, ఒప్పించడం.

రెండు. ఈసారి కణుపు మీద చర్మం లేచేలా కొట్టింది.

నవ్వు ఆగిపోయింది. ముల్లుపెట్టె కేసి చూస్తూ గడ్డమాయన ఇంకేం అడగాలో తోచక నిలబడ్డాడు.

"నేనో మాట అడగొచ్చా?" అంది టెలిఫోన్ల ఆవిడ.

"అడగండి."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. చూడాల్సిన పని లేదన్నట్టు కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చింది. "అమ్మా, లైన్లో ఉన్నావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లక్క ఒక్కసారి తట్టింది.

"ఇంతసేపూ నిలబడే ఉన్నావా?"

ఒకటి.

"కూర్చునే చోటుందా అక్కడ?"

రెండు.

"అలిసిపోయావా?"

పిల్లక్క చెయ్యి లేచి, ఆగిపోయింది. ఈ ప్రశ్నకి జవాబు ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు, పనిలో ఎవరూ అడగలేదు, తనని తను కూడా అడగలేదు. చాలాసేపటికి, చెక్కమీద వేలు ఆనించినంత మెత్తగా, ఒకటి.

ఆ చప్పుడు టెలిఫోన్ల ఆవిడకి తప్ప ఎవరికీ వినపడి ఉండదు. ఆవిడ తల పంకించింది. కళ్ళు తెరిచి చుట్టూ చూసింది.

"నాకో సందేహమండీ. ఎవరైనా తలుపు తట్టారంటే, రావచ్చా అని అడుగుతున్నట్టు కదా. ఈ ఇంట్లో ఎప్పట్నించో తడుతూనే ఉందంటున్నారు. అందరం కూర్చుని ఆరాలు తియ్యడమే గాని, ఒక్కళ్ళమైనా రమ్మన్నామా?"

ఆవిడ గోడవైపు తిరిగింది. "రా అమ్మా," అంది, పక్కింటావిడని పిలిచినట్టు. "లోపలికి రా."

పిల్లక్క కదల్లేదు. ఆ పిలుపు తనకి కాదు. తనకి కాని పిలుపులకి వెళ్ళకుండా ఉండటం ఆమెకి ఊహ తెలిసినప్పట్నించీ అలవాటు. ఊరికే ఉంటే చాలు. కాసేపు చూసి, నిట్టూర్చి, సంతోషంగా ఇళ్ళకి పోతారు. ఊరికే ఉండటంలో తనని మించినవాళ్ళు లేరు. కదిలితే పోయేది ఒక్క కార్డు కాదు, ఉన్న పని కూడా. అంతా తెలుసు. కానీ ఆ పిలుపు అందుకోవాల్సిన మనిషి తన వెనకాలే, ఈ చీకట్లో, మోచేతులు గోడకి ఆనించి, పళ్ళెం ఒలక్కుండా పట్టుకుని నిలబడి ఉందనిపించింది. ఆ మనిషి వేడి వీపుకి తగులుతున్నట్టే ఉంది. ఈ దారిలో ఇద్దరు పట్టరు. ముందున్న తను తప్పుకుంటే గాని ఆమె కదలలేదు.

లోపలివైపు గొళ్ళెం తీసి తలుపు తోసింది.

కొంగలున్న గోడ ముందుకి జరిగి తెరుచుకుంది. ఆ వెలుతురులో పిల్లక్కకి ముందు కనపడ్డవి ముఖాలు. కొంగ కంట్లోంచి కాక, తన కళ్ళతో చూసింది వాటిని. ఒక మనిషిని మరో మనిషి అలా చూడగలడని ఆమెకి తెలీదు. నోళ్ళు తెరుచుకుని, ఊపిరి మరిచి, ఆమె జుట్టునీ, సున్నం అంటిన మోచేతుల్నీ, ఏప్రాన్‌నీ, ఆమెలో ఏ కొంచెమూ వదలకుండా చూస్తున్నారు. ఎవరూ అరవలేదు. రికార్డరు ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

తర్వాత ఆ చూపు జారిపోవడం కూడా చూసింది. ముందు గడ్డమాయన ముఖంలోంచి, తర్వాత స్నేహితురాళ్ళ ముఖాల్లోంచి. "మనిషే!" అన్నాడు భారీ మనిషి, మోసపోయినవాడి గొంతుతో. టెలిఫోన్ల ఆవిడ ముఖం ఒక్కటే పిలిచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఎవరు నువ్వు?" మేనేజరు గుమ్మం దగ్గర్నించి వచ్చాడు. పెదాలు తెల్లబడ్డాయి. "లోపలికెలా వచ్చావ్?"

"సార్," అన్నాడు గైడు బాబాయి. మామూలు గొంతు అది, ఏ మాటనీ సాగదియ్యని గొంతు. "మన పిల్లక్క సార్."

"మన దగ్గర అలాంటివాళ్ళెవరూ లేరు."

సోమవారం తనకి ఈ ఇంట్లో పని లేదని ఆ మాటతో తేలిపోయింది. అయినా ఆమె తలుపు ఇంకా వదల్లేదు. దాన్ని రెండు చేతులతో బార్లా తెరిచి పట్టుకుని, వీపు గోడకి ఆనించి, బరువు మోసుకొచ్చే మనిషికి దారి ఇచ్చేవాళ్ళు నిలబడినట్టు ఒక పక్కకి ఒదిగి నిలబడింది. పళ్ళెం దారిలోంచి చల్లగాలి ఆమె పక్కనుంచి గదిలోకి పోతోంది.

ఆమె అలా ఎందుకు నిలబడిందో టెలిఫోన్ల ఆవిడ చూసింది. బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది. ఎందుకో ఏమిటో తెలియకుండానే భారీ మనిషి భార్య కూడా లేచింది. తర్వాత స్నేహితురాళ్ళు లేచారు. గడ్డమాయన ఇంకేదో అనబోయి మానేశాడు. మేనేజరు అందరి ముఖాలకేసీ చూసి, ఎక్కడ చూడాలో తెలియక, వాళ్ళు చూస్తున్న ఆ చీకటి గుమ్మంకేసి తనూ చూశాడు.

ఎవరో లోపలికి వచ్చి బల్ల దాటి వెళ్ళేంతసేపు అలాగే నిలబడ్డారు.

"ఇక తలుపు వేసెయ్యమ్మా," అంది టెలిఫోన్ల ఆవిడ.

పిల్లక్క వేసింది.